అగార్కర్ గారూ, ఆఖరి స్పెల్‌ను కొలవండి

భారత పురుషుల క్రికెట్ సెలక్షన్ కమిటీ ఛైర్మన్ అజిత్ అగార్కర్ గారికి,



2024 డిసెంబరులో అడిలైడ్ టెస్టు జరుగుతుండగా, మా హైదరాబాద్ సిరాజ్ వేసిన ఒక బంతికి టీవీ తెర మీద గంటకు 181.6 కిలోమీటర్ల వేగమని పడింది. అంతకు రెండేళ్ల ముందు, 2022 జూన్‌లో ఐర్లండ్‌తో డబ్లిన్ దగ్గర ఆడిన టీ20లో భువనేశ్వర్ కుమార్ తొలి ఓవర్లోనే 201 అని చూపించారు. రెండూ యంత్రం తప్పులేనని చూసినవాళ్లందరికీ ఆ క్షణంలోనే తెలిసిపోయింది. మనిషి చేతిలోంచి క్రికెట్ బంతి అంత వేగంగా రాదు. కాబట్టి ఆ తప్పుల వల్ల ఎవరికీ నష్టం జరగలేదు.

నా బెంగ వేరే. ఆ తెర మీద 142 పడాల్సిన చోట 148 పడి ఉంటే ఏమయ్యేది? ఒక్కరికీ అనుమానం వచ్చేది కాదు. వ్యాఖ్యాతలు ఆహా అనేవారు, మర్నాడు పేపర్లో అదే అంకె వచ్చేది, ఏడాది పాటు ఆ బౌలర్ పేరు పక్కన అది అతుక్కుని ఉండేది. నలభై కిలోమీటర్ల తప్పును పిల్లలు కూడా పట్టేస్తారు. ఆరు కిలోమీటర్ల తప్పును పట్టుకునే దారి చూసేవాడికి లేదు. ఎంపిక చేసే మీకైనా ఉండాలని నా కోరిక.

ఈ మాట మీతోనే చెప్పడానికి కారణం ఉంది. 2003 డిసెంబరులో అదే అడిలైడ్‌లో మీరు 41 పరుగులకు 6 వికెట్లు తీసి ఆస్ట్రేలియాను 196కు కూల్చారు. ద్రవిడ్ ఇన్నింగ్స్‌తో కలిపి ఆ మ్యాచ్ మాకందరికీ కంఠస్థం. ఆ స్పెల్ గురించి ఇవాళ మాట్లాడుకునేవాళ్లెవరూ మీ వేగం అంకె చెప్పరు. బంతి ఎక్కడ పడిందో, బ్యాటర్ ఎలా తడబడ్డాడో చెబుతారు. పెద్ద శరీరం లేకుండానే చురుగ్గా వేసిన బౌలర్ మీరు. వేగం ఎక్కడినుంచి వస్తుందో, ఎప్పుడు జారిపోతుందో మీ ఒంటికి తెలుసు. ఆ కుర్చీలో ఇప్పుడు మీరున్నారు గనుక అడగొచ్చనిపించింది.

ముందు యంత్రం సంగతి. రాడార్ తరంగాలను పంపుతుంది, బంతికి తగిలి తిరిగొచ్చిన తరంగంలో మార్పును బట్టి వేగం లెక్కగడుతుంది. అయితే అది పట్టుకునేది తన చూపు వెంట సాగే వేగాన్ని మాత్రమే. బంతి దారికీ, రాడార్ చూపుకూ మధ్య 10 డిగ్రీల తేడా ఉంటే 150 వేగంతో వెళ్లిన బంతి 147.7గా నమోదవుతుంది. తేడా 5 డిగ్రీలైతే 149.4 అవుతుంది. యంత్రాన్ని ఎక్కడ నిలబెట్టారు, బౌలర్ స్టంప్స్‌ను ఆనుకుని వేశాడా లేక క్రీజు అంచుకు జరిగి వేశాడా అన్న దాన్నిబట్టే కిలోమీటరో రెండో కలిసిరావచ్చు, పోవచ్చు. బంతి చేయి వదిలిన వెంటనే దొరికిందా, కొంత దూరం పోయాక దొరికిందా అన్నది ఇంకో తేడా. అనేక కెమెరాలతో బంతి దారిని వెంటాడే హాక్-ఐ పద్ధతి లెక్క మళ్లీ వేరు. ఒక సిరీస్‌లో ఒక పద్ధతి, ఇంకో దేశంలో ఇంకో పద్ధతి. ఇన్ని తేడాలున్న అంకెలను ఒకే పట్టికలో పేర్చి, దశాంశం దాకా పోల్చి, ఇతడు గొప్ప, అతడు తక్కువ అంటున్నాం.

2003లో కేప్‌టౌన్‌లో షోయబ్ అక్తర్ 161.3, 2005లో నేపియర్‌లో బ్రెట్ లీ 161.1, 2010లో లార్డ్స్‌లో షాన్ టెయిట్ 161.1. మూడు ఖండాలు, మూడు కాలాలు, మధ్యలో తేడా 0.2. ఈ వరుసలో ఎవరు ముందో చెప్పడానికి ఆ 0.2 చాలదు. ముగ్గురూ భయంకరమైన వేగంతో వేశారు. అంతవరకు ధైర్యంగా చెప్పొచ్చు. ఇంకా వెనక్కి వెళ్తే లెక్క మరీ కష్టం. 1975లో పెర్త్ టెస్టులో అతివేగపు కెమెరాలతో కొలిస్తే జెఫ్ థామ్సన్ 160.6 వేశాడన్నారు. ప్యాకర్ సొంతంగా నడిపిన వరల్డ్ సిరీస్ క్రికెట్ రోజుల్లో ఫాస్ట్ బౌలర్లకు ప్రత్యేకంగా పోటీ పెట్టి కొలిస్తే అదే థామ్సన్ 147.9తో మొదట నిలిచాడు. ఈ రెంటి మధ్య 1976లో క్యాచ్ కోసం పరుగెత్తి సహచరుణ్ని గుద్దుకుని అతడి భుజం దెబ్బతింది. పన్నెండున్నర కిలోమీటర్ల తేడాలో భుజం వాటా ఎంత, కొలత పద్ధతి వాటా ఎంత? ఆ రెండు అంకెల్లోంచి అది విడదీయలేం. అయినా 160.6 మాత్రం అన్ని పట్టికల్లో ఠీవిగా కూర్చుంది.

యంత్రం నూటికి నూరుపాళ్లు నిజమే చెప్పిందనుకుందాం. అప్పుడైనా అది చెప్పేది బంతి చేయి వదిలినప్పటి వేగం. బ్యాటర్ ఎదుర్కొనేది మాత్రం బంతి తనను చేరడానికి పట్టే సమయాన్ని. క్రీజు నుంచి క్రీజుకు దూరం 17.68 మీటర్లు. దారిలో వేగం తగ్గదని లెక్కవేసుకున్నా 150 బంతి 0.42 సెకన్లలో, 140 బంతి 0.45 సెకన్లలో చేరుతుంది. ఆ మూడు వందో వంతుల్లోనే బ్యాటర్ బతుకు ఉంది. వేగం విలువ నేను తక్కువ చేయడం లేదు. ఫాస్ట్ బౌలర్ పరుగెత్తుకొస్తుంటే మైదానమంతా ఊపిరి బిగబట్టే ఆ క్షణం కోసమే నాలాంటివాళ్లు ఎండలో కూర్చుంటారు. అయితే ఆ మూడు వందో వంతులు వేగంతోనే రానక్కర్లేదు. బుమ్రాను చూడండి. నిటారుగా చాచిన చేయి బంతిని చాలామందికన్నా ముందుకొచ్చి వదులుతుంది. 140తో వేసే బౌలర్ బంతిని ఒక అడుగు, అంటే 30 సెంటీమీటర్లు ముందు వదిలితే బ్యాటర్‌కు అది 142 దాటిన బంతితో సమానం. ఆ రెండు కిలోమీటర్లు ఏ తెర మీదా కనబడవు. పైగా గాలి కొంత వేగాన్ని తినేస్తుంది, పిచ్ ఇంకొంత తినేస్తుంది. మందకొడి పిచ్ మీద మధ్యలో పడేసిన 147 బంతి బ్యాట్ దగ్గరకు వచ్చేసరికి నీరసించి ఉంటుంది. ముందుకు పిచ్ చేసిన 138 బంతి అంతకన్నా పదునుగా ఉండొచ్చు. బౌలర్ ఎత్తు, సీమ్ నిటారుగా ఉందా ఒరిగిందా, బంతి జారి వస్తుందా లేస్తుందా, ఇవన్నీ బ్యాటర్ చేతులకు తెలుస్తాయి. ఒక్క అంకెలో పట్టవు.

161.3 బంతి పడిన మ్యాచ్ మీకూ గుర్తుండే ఉంటుంది. 2003 ఫిబ్రవరి 22, ప్రపంచకప్, పాకిస్తాన్, ఇంగ్లండ్. ఆ బంతిని ఎదుర్కొన్న నిక్ నైట్ దాన్ని లెగ్ సైడుకు నెట్టి ఊరుకున్నాడు. ఆ మ్యాచ్‌ను గెలిపించిన బౌలర్ మాత్రం అవతలి జట్టులో ఉన్నాడు. ఇరవై ఏళ్ల కుర్రాడు, పేరు జేమ్స్ ఆండర్సన్. 29 పరుగులకు 4 వికెట్లు తీశాడు. పాకిస్తాన్ 134కే ఆలౌటై 112 పరుగులతో ఓడింది, ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ ఆండర్సన్‌కే ఇచ్చారు. ఆ కుర్రాడే 2024లో నలభై ఒకటో ఏట లార్డ్స్‌లో ఆఖరి టెస్టు ఆడి 704 వికెట్లతో వెళ్లాడు. అక్తర్ 46 టెస్టుల్లో 178 దగ్గర ఆగాడు. అక్తర్ తక్కువవాడని కాదు. లయ కుదిరిన రోజు అతణ్ని ఆడటం ఎంత కష్టమో ఆడినవాళ్లంతా చెబుతారు. కానీ ఆ రాత్రి కేప్‌టౌన్‌లో ప్రపంచమంతా చూసిన అంకె ఒకటి, మ్యాచ్‌ను తిప్పిన బౌలింగ్ ఇంకొకటి.

మన సంగతికి వద్దాం. 2022 ఐపీఎల్‌లో ప్రతి మ్యాచ్‌కూ అత్యంత వేగవంతమైన బంతికి బహుమతి పెట్టారు. సన్‌రైజర్స్ ఆడిన 14 మ్యాచ్‌ల్లోనూ అది ఉమ్రాన్ మాలిక్‌కే వచ్చింది. నెట్ బౌలర్‌గా వచ్చిన జమ్మూ కుర్రాడు అలా మెరుపులు కురిపిస్తుంటే ఇక్కడ హైదరాబాద్‌లో మేం ఎంత మురిసిపోయామో మాటల్లో చెప్పలేను. గుజరాత్ మీద 25 పరుగులకు 5 వికెట్లు తీసిన రాత్రి అతడు నిజంగానే ఆడశక్యం కాలేదు. మొత్తం సీజన్‌లో 22 వికెట్లు. మే 5న ఢిల్లీ మీద 157 వేశాడు. ఆ బంతిని రోవ్‌మన్ పావెల్ బౌండరీకి కొట్టాడు. ఆ రోజు ఉమ్రాన్ 4 ఓవర్లలో 52 ఇచ్చాడు, వికెట్ లేదు. మర్నాడు అందరూ చెప్పుకున్నది 157 గురించే. సీజన్ ఆఖరి రోజు, ఫైనల్లో లాకీ ఫెర్గూసన్ 157.3 వేసి సీజన్ మొత్తానికి అత్యంత వేగవంతమైన బంతి బహుమతిని ఎగరేసుకుపోయాడు. తేడా 0.3. రాడార్ నాలుగు డిగ్రీలు పక్కకు ఒరిగితే అంత తేడా దానంతటదే వస్తుంది.

ఒక ఇరవై రెండేళ్ల కుర్రాడికి ఆ సీజన్ అంతా మనం నేర్పిన పాఠం ఏమిటి? ఆరు బంతుల్లో ఒక్కటి గట్టిగా వెయ్యి, చాలు. ఆ ఒక్కదానికే బహుమతి, ఆ ఒక్కదానికే చప్పట్లు. మిగతా అయిదు ఎక్కడ పడ్డాయని అడిగేవాడు లేడు. ఏడాది తిరిగేసరికి అతడు జట్టుకు దూరమయ్యాడు, ఆ తర్వాత గాయాలు మొదలయ్యాయి. అతడి దగ్గర ఉన్నది దేవుడిచ్చిన చేయి. దాన్ని మనం ఒక అంకెగా మార్చి, అంకె మోజు తీరాక పక్కన పెట్టేశాం.

మయాంక్ యాదవ్ విషయంలో ఇదే ఇంకా వేగంగా జరిగింది. 2024 ఐపీఎల్‌లో తొలి మ్యాచ్‌లోనే 155.8, మూడు రోజులకు బెంగళూరులో 156.7. వరుసగా రెండు మ్యాచ్‌ల్లో ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్. వేగం మాత్రమే కాదు, అతడు బంతిని వేయాల్సిన చోట వేశాడు కూడా. తర్వాతి మ్యాచ్‌లోనే పక్కటెముకల కండరం పట్టేసింది. ఆ పైన వెన్ను. ఫాస్ట్ బౌలర్ ముందు కాలు నేలకు తాకిన ప్రతిసారీ శరీర బరువుకు ఎన్నోరెట్ల భారం మోకాలి మీదుగా నడుముకు చేరుతుంది. ఇరవై దాటిన కుర్రాళ్లకు కూడా నడుములోని ఎముకలు ఇంకా గట్టిపడుతూనే ఉంటాయి. నాలుగు ఓవర్ల ఆటలో ప్రతి బంతినీ ఆఖరి బంతిలా వేసే అలవాటు, ఇరవై ఓవర్లు వేయాల్సిన రోజుకు ఒంటిని సిద్ధం చేయదు. ఆ పిల్లవాడు ఎంత వేగంగా వేయగలడన్నది మొదటి రోజే తెలిసింది. ఎన్ని ఓవర్లు, ఎన్ని రోజులు ఆ వేగంతో వేయగలడన్నది ఎవరూ ముందుగా చూడలేదు. ఆ రెండో ప్రశ్నే అసలు ప్రశ్న.

దానికి జవాబు ఎలా ఉంటుందో గత ఏడాది ఓవల్‌లో చూశాం. 2025 ఆగస్టు 4, సోమవారం ఉదయం. ఇంగ్లండ్‌కు కావాల్సింది 35 పరుగులు, చేతిలో 4 వికెట్లు. ముందు రోజు బ్రూక్ ఇచ్చిన క్యాచ్ పట్టి బౌండరీ తాడు తొక్కిన సిరాజ్ చేతికే బంతి వచ్చింది. ఆ ఉదయం పడిన నాలుగు వికెట్లలో మూడు అతడివే. చేతికి కట్టు కట్టుకుని వోక్స్ అవతలి క్రీజులో నిలబడి ఉండగా, అట్కిన్సన్‌కు యార్కర్ వేసి ఆఫ్ స్టంప్ ఎగరగొట్టాడు. భారత్ 6 పరుగులతో గెలిచింది. ఆ సిరీస్‌లో సిరాజ్ అయిదు టెస్టులూ ఆడి 185.3 ఓవర్లు వేశాడు, 23 వికెట్లు తీశాడు. ఓవర్లను బంతుల్లోకి మార్చి చూడండి. అట్కిన్సన్‌ను పడగొట్టింది ఆ సిరీస్‌లో అతడు వేసిన 1,113వ బంతి. దాని వేగం 143 చుట్టుపక్కల ఉంది.

181.6 అనే అబద్ధపు అంకె కన్నా ఈ 143 ఎంత పెద్దదో చెప్పనక్కర్లేదు. తొలి టెస్టు తొలి ఉదయం 143 వేసే పేసర్లు మన దేశంలో చాలామందే ఉన్నారు. వెయ్యి బంతులు వేసిన కాళ్లతో, అయిదో టెస్టు అయిదో రోజున, స్టంప్స్ అడుగుకు గురిపెట్టి 143 వేసేవాళ్లు ఎందరు? ఫస్ట్ లాన్సర్ గల్లీల్లో టెన్నిస్ బంతితో మొదలైన కుర్రాడు, ఆటో నడిపిన తండ్రి కష్టం మీద పెరిగిన కుర్రాడు, 2016-17 రంజీలో హైదరాబాద్‌కు 41 వికెట్లు తీశాకే దేశం కంట్లో పడ్డాడు. ఆ 41 వికెట్ల వెనక ఎన్ని అలసిన సాయంత్రాలున్నాయో ఏ స్పీడ్‌గన్‌లోనూ నమోదు కాలేదు. అతణ్ని పట్టుకున్నది వికెట్ల సంఖ్య, అప్పటి హైదరాబాద్ కోచ్ భరత్ అరుణ్ కన్ను.

ఇప్పుడు నిలకడను ఎలా కొలవాలన్న దగ్గరకు వద్దాం. ఇక్కడ కూడా ఒక ఉచ్చు ఉంది, అది సగటు. టెస్టుల్లో మంచి లెంగ్త్ అంటే స్టంప్స్‌కు ఇటు ఆరు నుంచి ఎనిమిది మీటర్ల మధ్య అని స్థూలంగా అనుకుందాం. ఒక బౌలర్ ఒక బంతిని నాలుగు మీటర్ల దగ్గర, ఇంకో బంతిని పది మీటర్ల దగ్గర వేశాడు. ఒకటి డ్రైవ్ చేయడానికి, ఇంకోటి పుల్ చేయడానికి, రెండూ బౌండరీ బంతులే. సగటు మాత్రం ఏడు మీటర్లు. కాగితం మీద అతడు మెక్‌గ్రా అయిపోయాడు. అసలు మెక్‌గ్రా రెండు బంతులూ ఏడు మీటర్ల దగ్గరే వేసేవాడు. 130లు దాటడం అరుదైన వేగంతో 563 టెస్టు వికెట్లు తీశాడు. ఇద్దరికీ సగటు ఒకటే, తేడా అంతా బంతులు ఎంత చెదిరాయన్న దానిలో ఉంది. కొలవాల్సింది ఆ చెదురును. వేగానికైనా ఇంతే. అన్ని బంతులూ 138, 139, 140 వేసేవాడికీ, 130 నుంచి 148 దాకా ఊగేవాడికీ సగటు ఒక్కటే రావచ్చు. టీవీలో మాత్రం రెండోవాడి 148 ఒక్కటే మెరుస్తుంది.

చెదురును కొలిచినా సరిపోదు. కావాలని మార్చినదాన్ని, అదుపు తప్పినదాన్ని వేరు చేయాలి. 2018 మెల్‌బోర్న్‌లో లంచ్‌కు ముందు ఆఖరి బంతిగా బుమ్రా షాన్ మార్ష్‌కు వేసిన స్లో యార్కర్ వేగం 113 దగ్గర. మార్ష్ ఎల్బీడబ్ల్యూ. ఆ ఇన్నింగ్స్‌లో బుమ్రా 33 పరుగులకు 6 తీశాడు. యాంత్రికంగా లెక్క కడితే ఆ బంతి అతడి సగటు వేగాన్ని దించింది, నిలకడను చెడగొట్టింది. క్రికెట్ తెలిసినవాడికి అదే ఆ రోజు వేసిన అతి నిలకడైన బంతి, ఎందుకంటే అనుకున్న చోట, అనుకున్న వేగంతో పడింది. కాబట్టి బౌలర్ మామూలుగా వేసే బంతులను ఒక పక్కన, మార్చి వేసినవాటిని ఇంకో పక్కన పెట్టి లెక్క చూడాలి. ఈ పని యంత్రం ఒక్కటే చేయలేదు. బౌలర్ గురించి తెలిసిన మనిషి పక్కన కూర్చోవాలి.

విశాఖపట్నంలో రెండు స్పెల్‌లు చూసినవాళ్లకు నిలకడ అంటే ఏమిటో వివరించనక్కర్లేదు. 2019 అక్టోబరులో దక్షిణాఫ్రికాతో టెస్టు అయిదో రోజున షమి 35 పరుగులకు 5 తీశాడు, అందులో నలుగురు బౌల్డ్. బౌన్స్ తగ్గిన పిచ్ మీద అతడు చేసిందల్లా సీమ్ నిటారుగా నిలిపి స్టంప్స్ మీదకు వేస్తూ పోవడమే. 2024 ఫిబ్రవరిలో అదే మైదానంలో బుమ్రా 45 పరుగులకు 6 తీశాడు. ఓలీ పోప్ స్టంప్స్‌ను లేపేసిన ఆ రివర్స్ స్వింగ్ యార్కర్‌ను విశాఖ తీరం ఇంకా చెప్పుకుంటోంది. రెండూ స్పిన్నర్లకు పుట్టిల్లనుకునే నేల మీద పేసర్లు చేసిన పనులే. దాని విలువ వేగంతో లెక్కకట్టేది కాదు. భువనేశ్వర్ కుమార్ సంగతీ అంతే. 2016, 2017 ఐపీఎల్‌లలో అత్యధిక వికెట్లకు ఇచ్చే పర్పుల్ క్యాప్‌ను వరుసగా గెలిచి ఉప్పల్‌కు పండగ తెచ్చిన అతడు వేగానికి ఎన్నడూ పేరు పొందలేదు. యంత్రం పొరపాటున 201 కట్టబెట్టింది ఆ బౌలర్‌కే.

2024 ఫిబ్రవరిలో బోర్డు వార్షిక కాంట్రాక్టులు ప్రకటించినప్పుడు, మీ కమిటీ సిఫారసుతో మొదటిసారి ఫాస్ట్ బౌలింగ్ కాంట్రాక్టులంటూ అయిదుగురి పేర్లు చెప్పారు. ఆకాశ్ దీప్, విజయ్‌కుమార్ వైశాఖ్, ఉమ్రాన్ మాలిక్, యశ్ దయాల్, విద్వత్ కావేరప్ప. ఆలోచన మంచిది. ఫాస్ట్ బౌలర్‌ను బ్యాటర్‌లా చూడకూడదు, విడిగా కాపాడుకోవాలి అన్న తెలివి అందులో ఉంది. ఆ అయిదుగురిలో ఆకాశ్ దీప్ 2025లో ఎడ్జ్‌బాస్టన్‌లో పది వికెట్లు తీసి టెస్టు గెలిపించాడు. వేగం పట్టికలో అతడి పేరు పైన కనబడదు. ఆఫ్ స్టంప్ చుట్టూ వదలకుండా వేస్తాడు, ఎంతసేపైనా వేస్తాడు. అయిదుగురినీ ఏ కొలతతో తూచి ఎంచారో మాకు చెప్పలేదు. వేగమా, ఓవర్ల సంఖ్యా, వికెట్లా, ఒళ్లు తట్టుకునే శక్తా? ఆ కొలత బయటపెడితే ఊళ్లలో ఉన్న కుర్రాళ్లకూ, వాళ్ల కోచ్‌లకూ దేనికోసం కష్టపడాలో తెలుస్తుంది. చెప్పకపోతే వాళ్లకు కనబడేది తెర మీద అంకె ఒక్కటే. దాని వెంటే పరుగెడతారు, పరుగెడుతున్నారు కూడా. పద్నాలుగేళ్ల పిల్లాడి బౌలింగ్‌ను తండ్రి ఫోనులో తీసి, వేగం చెప్పే యాప్‌లో పెట్టి చూసుకోవడం ఇవాళ మా పట్టణాల్లో మామూలైపోయింది. ఆ తండ్రిని నేను తప్పుపట్టను. ఎంచుకునే పెద్దలు దేనికి విలువ ఇస్తున్నారని అతడు నమ్ముతున్నాడో దాన్నే కొలుస్తున్నాడు.

మన రంజీ మ్యాచ్‌లలో చాలావాటికి టీవీ ప్రసారమే ఉండదు, ఇక వేగం కొలిచేదెవరు? విజయనగరంలోనో, మూలపాడులోనో, జింఖానాలోనో ఒక కుర్రాడు మధ్యాహ్నం మూడున్నరకు, అరవై ఓవర్ల పాత బంతితో, గాలికి ఎదురుగా మూడో స్పెల్ వేస్తున్నాడనుకోండి. అతడి గురించి మీకు చేరేది స్కోర్‌షీట్‌లో ఒక గీత. 7-3-15-0. అదే కుర్రాడు ఐపీఎల్‌లో ఒక్క 150 వేస్తే దేశమంతటికీ తెలుస్తుంది. టెస్టు బౌలర్‌ను ఎంచడానికి ఈ రెంటిలో ఏది పనికొస్తుందో మీకు తెలుసు. లేనిదల్లా మొదటిదాన్ని చూసే కన్ను.

యంత్రాలు లేనినాడు కూడా ఆ కన్ను ఉండేది. 1932 లార్డ్స్‌లో మన తొలి టెస్టులో మహమ్మద్ నిస్సార్, హోమ్స్‌నూ సట్‌క్లిఫ్‌నూ బౌల్డ్ చేశాడు. ఆ ఇద్దరూ అంతకు పది రోజుల ముందే యార్క్‌షైర్‌కు 555 పరుగుల భాగస్వామ్యం చేసినవాళ్లు. నిస్సార్ తొలి స్పెల్‌లో లార్‌వుడ్‌ను మించిన వేగంతో వేస్తాడని కెప్టెన్ సి.కె. నాయుడు అనేవాడని చెబుతారు. కొలిచిన కొలబద్ద స్లిప్‌లో నిలబడిన మనిషే. నేను లీగ్ మ్యాచ్‌లకు స్కోరు రాసిన రోజుల్లో పెద్దవాళ్లు ఒక పద్ధతి నేర్పారు. ఉదయం మొదటి ఓవర్‌కు కీపర్ ఎక్కడ నిలబడ్డాడో గుర్తుపెట్టుకో. టీ తర్వాత అదే బౌలర్‌కు ఎక్కడ నిలబడ్డాడో చూడు. రెండడుగులు ముందుకు జరిగాడంటే బౌలర్ ఒంట్లో ఎంత తగ్గిందో కీపర్ చెప్పేసినట్టే. జరగలేదంటే ఆ బౌలర్ పేరు రాసుకో. పైసా ఖర్చులేని ఈ కొలతను మీ టాలెంట్ స్కౌట్‌లు ఈ సీజన్ నుంచే వాడొచ్చు.

ఖర్చు పెట్టగలిగితే ఇంకా చేయొచ్చు. మన బోర్డుకు డబ్బుకు లోటు లేదు. ప్రతి రంజీ మైదానానికీ ఒకే రకం రాడార్, ఒకే ఎత్తులో, ఒకే కోణంలో, మ్యాచ్‌కు ముందు సరిచూసి పెట్టాలి. దానితోపాటు బంతి ఎక్కడ పడిందో నమోదు చేసే రెండు కెమెరాలు చాలు. వచ్చిన లెక్కను బౌలర్ మొత్తానికి కాకుండా స్పెల్ వారీగా రాయాలి. మొదటి స్పెల్‌లో మామూలు బంతి వేగం ఎంత, చివరి స్పెల్‌లో ఎంత, మధ్యలో ఎంత జారింది, ఆరు నుంచి ఎనిమిది మీటర్ల మధ్య ఎన్ని పడ్డాయి, చివరి స్పెల్‌లో ఎన్ని. ఆఖరిదే నాకు అన్నిటికన్నా ముఖ్యం. అలసిన బౌలర్ వేగం రెండు కిలోమీటర్లు తగ్గినా లెంగ్త్ పట్టి ఉంచితే అతడు టెస్టు బౌలర్. వేగం నిలిపి లెంగ్త్ వదిలేస్తే ఇంకా కాలేదు. రెండూ జారితే అతడికి కావాల్సింది అవకాశం కాదు, విశ్రాంతి. ఆ మూడో గుర్తు గాయానికి ముందస్తు హెచ్చరిక కూడా. బెంగళూరు సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌లోని ఫిజియోలకు మీ లెక్క చేరితే ఇంకో మయాంక్ మంచం ఎక్కకుండా కొంతైనా ఆపగలరేమో.

ఈ అంకెలను దాచుకోవద్దని కూడా నా మనవి. మ్యాచ్ అయ్యాక స్కోర్‌కార్డు పక్కనే పెట్టండి. పొరపాటుకు ఎంత ఆస్కారం ఉందో కూడా రాయండి. 146 అని కాక 144 నుంచి 148 మధ్య అని రాస్తే గౌరవం తగ్గదు, నమ్మకం పెరుగుతుంది. ఐపీఎల్‌లో వేగానికి బహుమతి ఇవ్వాలనుకుంటే, మ్యాచ్‌లో ఒక్క బంతికి బదులు, సీజన్ మొత్తం మీద ఆఖరి ఓవర్లలో వేగాన్నీ గురినీ కలిపి నిలబెట్టినవాడికి ఇమ్మని బోర్డుకు మీరు సలహా ఇవ్వొచ్చు. మీ మాటకు బరువుంటుంది.

రంజీ సీజన్ మళ్లీ వస్తోంది. మీ కమిటీ సభ్యులు ఏటా మ్యాచ్‌లు చూడటానికి తిరుగుతారు. ఈసారి ప్రతి ఒక్కరినీ కనీసం ఒక మ్యాచ్‌లో మూడో రోజు టీ తర్వాత దాకా ఉండమనండి. పాత బంతితో మూడో స్పెల్ వేస్తున్న పేసర్లు ఎవరు, వాళ్ల బంతి ఎక్కడ పడుతోంది, కీపర్ ఎక్కడ నిలబడ్డాడు, ఈ మూడూ నోట్‌బుక్‌లో రాసుకుని రమ్మనండి. తర్వాతి సిరీస్‌కు జట్టును ప్రకటించేటప్పుడు కొత్త పేసర్ పేరు చదివి, అతణ్ని ఎందుకు తీసుకున్నారని విలేకరులు అడిగితే, ఆ నోట్‌బుక్‌లోంచి ఒక్క వాక్యం చదవండి.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక పాత స్కోరర్